రచయితగారి నలభై జవాబులు

అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. కంప్యూటరు కోర్సుల బోర్డుల మధ్య, ఒక రెండో అంతస్తులో, కేదార్ మనుషుల్ని చదవడం నేర్పుతాడు. మనుషులు పదహారు రకాలట. ఎదుటివాడు ఏ రకమో పట్టేస్తే ఉద్యోగం చేతిలో ఉన్నట్టేనట.

అక్కడి ఆచారం ప్రకారం మొదటి మూడు రోజులూ ఉచిత డెమో. నచ్చితే చేరతారు, లేకపోతే పక్క మెట్లెక్కుతారు. ఈసారి బ్యాచ్ నిండకపోతే క్లాసు వేరొకరికి ఇచ్చేస్తానని యజమాని రామ్మోహనరావు ముందే తేల్చి చెప్పాడు. అందుకని రెండో రోజున కేదార్ తన బ్రహ్మాస్త్రం తీశాడు. ఒక ప్రసిద్ధ రచయితను తీసుకుని, ఆయన ఏ రకం మనిషో చెప్పెయ్యడమే ఆ అస్త్రం. మూడేళ్లుగా ఆ రచయిత ఒక్కరే, పంజాగుట్టలో ఉండే వీరవెంకటసత్యనారాయణగారు.

"పచ్చి అంతర్ముఖుడు. మనుషులంటే గిట్టదు" అన్నాడు కేదార్. నాలుగేళ్లుగా ఏ సభకూ రాలేదని, ఫోనెత్తరని, ఆయన నవలల్లో నాయకులంతా ఒంటరివాళ్లేనని సాక్ష్యాలు వరసబెట్టాడు. విన్నవాళ్లు నోళ్లు తెరిచారు.

వెనక బెంచీలోంచి వనిత అనే అమ్మాయి లేచింది. పగలు తాను ఆ ఇంట్లోనే పనిచేస్తానని, సారు అట్లాంటి మనిషి కాదని మెల్లగా చెప్పింది. క్లాసు నవ్వింది. కేదార్ కూడా నవ్వి, తన నలభై ప్రశ్నల పరీక్ష కాగితం ఆమె చేతిలో పెట్టాడు. అంత అనుమానముంటే ఆయన్నే పూర్తిచెయ్యమనండి, రేపు అందరి ముందూ ఫలితం చెబుతానన్నాడు. అంత పెద్దమనిషి ఇలాంటివి ముట్టుకోడని అతని ధీమా.

మర్నాడు సాయంత్రం క్లాసుకు ముందే వనిత కవరు తెచ్చి ఇచ్చింది. నలభైకి నలభై జవాబులున్నాయి. స్టాఫ్ రూములో లెక్క చూసుకుంటే కేదార్‌కు గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. నలుగురిలో ఉంటే మీకు ఉత్సాహమా? అవును. కొత్తవాళ్లతో మాటలు కలుపుతారా? అవును. ఎవరూ రాకపోతే దిగులేస్తుందా? అవును. ఇంతకంటే బహిర్ముఖుడు ఈ ఊళ్లో ఉండడు.

పొరపడ్డానని ఒప్పుకుంటే ఏం పోయేది? ఆ నిమిషంలో అతనికి బ్యాచ్ ఒక్కటే కనిపించింది. నీలం పెన్ను తీసి నాలుగు అవునులు కొట్టేసి, పక్కన నాలుగు కాదులకు టిక్కులు పెట్టాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఆపలేదు.

క్లాసులో ఆ కాగితం పైకెత్తి చూపించాడు. సిగ్గుమాలిన పని అక్కడితోనైనా ఆగిందా అంటే, లేదు. "చూడండి, ముందు అవునన్నారు. తర్వాత ఆలోచించి దిద్దుకున్నారు. అంతర్ముఖుడి లక్షణమే ఇది" అన్నాడు. చప్పట్లు మోగాయి. వనిత మాత్రం కాగితంకేసే చూస్తూ కూర్చుంది.

అందరూ పేర్లు రాయించుకోవడానికి కిందికి వెళ్లాక ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు.

"పెద్దసారుకు పక్షవాతమొచ్చి నాలుగేండ్లయితంది సార్. చేతులు పైకి లేవయి, మాట సుత ముద్దగొస్తది. ఒక్కో ప్రశ్న చదివి చెప్పిన, ఆయన తలూపిండు, టిక్కు నేను పెట్టిన. రెండు గంటలు పట్టింది. మస్తు సంబురపడ్డడు. నేనేడ కొట్టెయ్యలే."

కేదార్‌కు తల కొట్టేసినట్టయింది. మనుషులంటే గిట్టదని తాను చెప్పిన మనిషి, ఎవరైనా వస్తారేమోనని నాలుగేళ్లుగా మంచంలో ఎదురుచూస్తున్నాడు.

"ఫలితం ఏమొచ్చిందని రేపు పొద్దుగాల అడుగుతడు. ఏం చెప్పాలె సార్?" అంది వనిత.

"తప్పు నాదేనని చెప్పు. దిద్దింది నేనేనని చెప్పమ్మా" అన్నాడు తలెత్తకుండానే.

"గది మీరే వచ్చి చెప్పున్రి. ఎవలొచ్చినా కూసోమంటడు."

అంతలో రామ్మోహనరావు తలుపు తోసుకుని వచ్చాడు. బ్యాచ్ నిండిందని, ఆ రచయితగారి ఫలితమే పనిచేసిందని భుజం తట్టాడు. కేదార్ అతని మొహం చూడలేకపోయాడు. ఏ రకం మనిషో మూడేళ్లుగా చెబుతూ వచ్చాడు గాని, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్న ఆ ఇంటికి ఒక్కసారైనా పోలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఇల్లు ఎక్కడో చెప్పమని వనితనడిగాడు. అది అడగడానికే అతనికి సిగ్గు ముంచుకొచ్చింది.