పాటని రాసుకోరట

బుల్లమ్మ తల మీద పడిన రాయిని ఆమె శవం కంటే ముందే లేపారు. పట్టపగలు. కొండ మీద బ్లాస్టింగ్ మోత ఇంకా చెవుల్లోంచి పోనేలేదు, వాకిట్లో జీడిపిక్కలు కొడుతున్న మనిషి కూర్చున్నచోటే ఒరిగిపోయింది. క్వారీ మేనేజరు బుల్లిబాబు జీపు దిగుతూనే "ముందా రాయి తియ్యండ్రా" అన్నాడు. గోనెసంచిలో దాన్ని మోసుకెళ్ళింది లోవరాజు, ఆ ఊరివాడే, క్రషర్లో కూలి. ఎదురింటి గుమ్మంలోంచి నూకరత్నం అంతా చూసింది. కాలుజారి పడి చచ్చిపోయిందని కాగితం రాసుకున్నారు. థూ, ఏం బతుకులు!

నర్సీపట్నం నుంచి గొలుగొండ పోయే దారిలో ఉంటుంది ఆ ఊరు. సగం కొండ అప్పటికే కంకరై లారీలెక్కింది. మిగతా సగం కూడా కావాలని కాంట్రాక్టరు జగదీశ్వరరావు దరఖాస్తు పెట్టాడు. దానికి ఊళ్ళో ప్రజాభిప్రాయ సేకరణ జరగాలి. ఎవరూ కాదనకపోతే కొండ పోయినట్టే, దాని ఊటతో పండే వరిచేలూ పోయినట్టే.

నూకరత్నం జముకు వాయిద్యం మీటుతూ జముకుల కథ చెబుతుంది. ఆమె పాడితే చుట్టుపక్కల ఊళ్ళు కదిలొస్తాయి. అందుకే బుల్లిబాబు ఆమె గుమ్మం తొక్కాడు.

"సభ నాడు కథ కట్టు. జనాన్ని కూకోబెట్టు సాలు. మైకు కాడికి ఎవుడూ రాకూడదు."

ఆమె సరేనంది. సంగతి తెలిసి ఊరంతా పాలకేంద్రం దగ్గర పోగైంది.

"అమ్ముడైపోనావేటే?" గుంపులోంచి సింహాద్రమ్మ ముందుకొచ్చి మొహం మీదే అడిగేసింది.

"మైకు నా సేతికొత్తాది. అందులో ఏటి పాడాలో ఆడు సెప్పడు."

"పాడీసి నువ్వు ఇంటికెల్లిపోతావు పిన్నీ," లోవరాజు అరిచాడు. "క్రషర్ మూసేత్తే మా పిల్లలేటి తింతారు? కొండ తింతారా?"

"ఇప్పుడేటి తింతన్నార్రా, దుమ్మేగదా! ఆ రాయి మోసినాక నీకు ముద్దెలా దిగతందిరా?"

లోవరాజు తల దించుకుని వెళ్ళిపోయాడు.

సభ నాడు షామియానా కింద నూకరత్నం బుల్లమ్మ కథే ఎత్తుకుంది. జీడిపిక్కలు, రాయి, గోనెసంచి, దొంగ కాగితం, ఒక్కటీ వదల్లేదు. పక్కన ఆమె జట్టులో పాడే ఈశ్వరి వంత అందుకుంది. ఈశ్వరి వెనక జనమంతా వంత పాడారు, ఏడ్చారు. గెలిచేశాననుకుంది నూకరత్నం.

సభ జరపడానికొచ్చిన పెద్దాఫీసరు చప్పట్లు కొట్టాడు. "బాగా పాడావమ్మా."

గుమాస్తా కలం మూతైనా తియ్యలేదు.

"రాసుకోండి బాబూ," అందామె.

"పాటలు రాసుకోమమ్మా," అన్నాడు ఆఫీసరు. " పేరు చెప్పి అభ్యంతరం చెబితేనే రికార్డు. ఎవరూ లేరుగా? అయితే అభ్యంతరాలు లేవని..."

పదిమంది గొంతుల్ని ఒక్క గొంతు చెయ్యడమే నూకరత్నానికి తెలిసిన విద్య. ఈ దొరలకు ఆ గొంతు పనికిరాదట, విడివిడిగా పేర్లు కావాలట! ఆమె మైకు లాక్కుంది.

"నా పాట ముక్కలు సేసి పంచుకోండర్రా! తలో మాటా పేరెట్టి సెప్పండి! బేగి!"

జనాన్ని రెచ్చగొడుతున్నావంటూ బందోబస్తుకొచ్చిన ఎస్సై లాఠీతో మొదట జముకు తోలు చించాడు. రెండో దెబ్బ ఆమె నోటి మీద వేశాడు. పళ్ళూ నెత్తురూ కలిపి ఉమ్మింది. జుట్టుపట్టి ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారు. జగదీశ్వరరావు మజ్జిగ తాగుతూ చూశాడు. జనం నేలచూపులు చూశారు. ఆ మౌనం ఆమెకు లాఠీ కంటే ఎక్కువ నొప్పి పెట్టింది.

అప్పుడు మైకులో ఒక గొంతు వినబడింది.

"నా పేరు లోవరాజు. బుల్లమ్మని సంపిన రాయి మోసింది నానే. క్రషర్ దుమ్ములో కప్పెట్టీసినాను. సూపిత్తాను, రండి."

వీపు మీద లాఠీలు పడ్డాయి. అతను మైకు కర్రని రెండు చేతులా కావలించుకుని అదే మాట మళ్ళీ చెప్పాడు. అతన్ని కూడా వ్యానులోకి తోశారు. ఈలోగా ఈశ్వరి మైకు అందుకుని పేరు చెప్పింది. ఆమెను లాగేసరికి ఇంకొకరు లేచారు.

"సభ అయిపోయింది!" ఆఫీసరు ఫైలు మూశాడు.

ఎవరూ కదల్లేదు. ఆడవాళ్ళు ఆఫీసరు బల్ల చుట్టూ నేల మీద కూర్చుండిపోయారు. అతని జీపుకి దారి లేదు, పోలీసు వ్యానుకీ లేదు. నెత్తురు మింగుతూ నూకరత్నం ఊచల మధ్య నుంచి చెవి ఒగ్గింది.

"మూత తియ్యి బాబూ కలానికి. నా పేరు సింహాద్రమ్మ. రాయి. నా యెనకాల ఊరుంది, సీకటడినా కూకుంతాం."