ఖాళీ అని నేను చెప్పిన మాట

రండి, దగ్గరికి జరగండి. వలలు బాగుచేసుకునేవాళ్ళు కూడా కాస్త కబుర్లు ఆపండి. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండోసారి చెప్పలేను.

నేను ఒక గాలి వినే పెట్టెను. సింహళంలో తాలింపు వేస్తే ఇక్కడికి చిటపట వినిపిస్తుందనీ, చేప తుమ్మితే ఏ చేపో చెబుతాననీ గొప్పలు పోయినదాన్ని. ఇంజనీరు హైమవతి నన్ను చేసింది. మా రేవుకు వైర్‌లెస్ దారి ఒక్కటే. పడవలవాళ్ళు మాట్లాడుతుంటే ఆఫీసు మైకు ఆగాలి. దారి ఖాళీ అయితేనే వాతావరణం కబుర్లు చెప్పాలి. ఖాళీయో కాదో తేల్చడమే నా కొలువు.

గాలిలోంచి వంద చప్పుళ్ళు పట్టి, చిన్న చప్పుడు పొట్టివాడు, పెద్ద చప్పుడు పొడుగువాడు అనుకుని, పొట్టివాడి నుంచి పొడుగువాడి దాకా వరసలో నిలబెడతాను. ఉత్త హోరయితే చివరివాడు నడిమివాడిని ఫలానా ఎత్తుకు మించి దాటడు. దాటితే ఎవరో మాట్లాడుతున్నట్టే.

నాకు పాఠం చెప్పింది మాత్రం ఐసు మర పక్కన. అది రవ్వలు రాల్చినప్పుడల్లా, ఎవరూ మాట్లాడకపోయినా, వరస చివర పదిమంది తాడిచెట్లయ్యేవారు. ఆ పదిమందినీ తీసేసి చూడమంది హైమవతి. తీసేశాను, ఆఫీసుకు చేరాక కూడా. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఒక మధ్యాహ్నం ఎల్లాజీ పడవకు చిల్లుపడింది. అతని బ్యాటరీ కొనఊపిరితో ఉంది. "నీరు... ఎక్కిపోతంది..." అని ముక్కముక్కగా పలికాడు. ఆ ముక్కలన్నీ నేను తీసేసే పదిమందిలోనే పడ్డాయి. మిగిలిన తొంభైమందీ బుద్ధిమంతుల్లా నిలబడ్డారు. ఖాళీ అన్నాను. ఆఫీసు గుమస్తా మైకందుకుని, సముద్రం ప్రశాంతంగా ఉందని మొదలుపెట్టాడు.

అతను మైకు మీట వదిలి ఊపిరి తీసుకున్న సందులో వైర్‌లెస్ సెట్టులోంచి ఒక దగ్గు వినిపించింది. గుమ్మంలో గంప దించుతున్న ఎల్లాజీ భార్య పోలమ్మ కేక పెట్టింది.

"ఆపండి బాబూ! ఆ దగ్గు మా ఇంటాయనది!"

"ఖాళీ అని పెట్టె చెబుతోంది కదమ్మా."

"దానికి మొగుడున్నాడేటి, దగ్గు గుర్తెట్టడానికి?"

మైకు ఆగింది. రెండు పడవలు పరుగెత్తాయి. మునిగిన పడవ కొస పట్టుకుని వేలాడుతున్న ఎల్లాజీని దగ్గుతుండగానే ఒడ్డుకు తెచ్చారు. పోలమ్మ నన్ను తిట్టినా బాగుండేది. నా వైపు చూడనైనా లేదు.

హైమవతి నా మూత విప్పి, "తప్పు నాదే. ఐసు మర దగ్గర నేర్పకుండా ఉండాల్సింది," అని తల పట్టుకుంది. ఆమె తప్పు నేర్పడం వరకే. ఒక మనిషి మునిగిపోతుంటే అంత ధీమాగా ఖాళీ అన్నది నేను.

చుట్టూ మూగినవాళ్ళలోంచి చుట్ట తాత గురవయ్య నాలోకి తొంగి చూశాడు.

"సెవిలో గుబిలి అడ్డడినట్టుందే అమ్మా. కొబ్బరినూని గోరెచ్చగా రెండు సుక్కలెయ్యి."