రాళ్ల చేనుకు తోలిన మట్టి

ఈపూరు అవతల నిర్మలకు పుట్టింటి వాటాగా వచ్చిన మూడెకరాలను ఊరంతా రాళ్ల చేను అనేది. అన్నలు కాలవ కింద నల్లరేగడి పంచుకుని, ఆడపిల్లకు గులకరాళ్లు వదిలారు. వాన పడితే చూస్తుండగానే ఇంకిపోయే నేల. దాంట్లో మిరప బతకలేదు, పత్తి బతకలేదు. వైను కంపెనీ వాళ్లు ఇచ్చిన ద్రాక్ష మాత్రం బతికింది. రాళ్ల సందుల్లోంచి వేళ్లు లోతుకు దించుకుని పల్నాడు ఎండకు తట్టుకుంది. నిర్మల మొదటిసారి తన నేల గురించి పదిమందిలో తలెత్తుకుని మాట్లాడింది.

తొలి కాపు చూసి ఆమె భర్త ఐజాక్‌కు మాత్రం తల కొట్టేసినట్టయింది. బఠాణీ గింజంత కాయలు, మందపాటి తోలు. బజారులో బండి మీద ద్రాక్ష ఎలా ఉంటుందో అతనికి తెలుసు కదా! వైను ద్రాక్ష చిన్నదిగానే ఉండాలని చెప్పేవాళ్లు లేక కాదు, ఈ మహానుభావుడు అడిగితే కదా. కంపెనీ మనిషికి చూపించకుండానే కోసి పారబోశాడు.

ఆ వేసవిలో చెరువు ఎండగానే ఇక్కడి రైతులంతా చేసే పనే చేశాడు. ట్రాక్టర్లతో చెరువు అడుగు పూడిక మట్టి చేనుకు తోలించాడు. పాస్టరు గారిచేత ప్రార్థన కూడా చేయించాడు. చుట్టుదారైనా సరే, ప్రతి ట్రాక్టరునూ బావమరుదుల గుమ్మం ముందు నుంచే నడిపించాడు.

"వద్దయ్యా, తీగలు బాగానే ఉన్నాయి కదా," అంది నిర్మల.

"నీకు తెలవదు ఊరుకోవే. నీ చేను కూడా మీ అన్నల చేనులాగా నిగనిగలాడుద్ది," అన్నాడు, ప్రేమగానే.

తీగలు విరగబడి పెరిగాయి. ఎక్కడ చూసినా ఆకే. చలికాలంలో తుపాను వాన దంచికొట్టింది. రాళ్లయితే ఆ నీటిని కిందికి వదిలేసేవి, పూడిక మట్టి పట్టుకుని కూర్చుంది. కోతల ముందు కంపెనీ కుర్రాడు విశాల్ వచ్చి, కాయ పిండి రసం పరీక్షించాడు.

"తీపి ఎక్కలేదు బాబాయ్, ఒట్టి నీళ్లు. గుత్తులకి బూజు కూడా పట్టింది. ఈ తీగ కాస్త ఆకలికీ దాహానికీ ఓర్చుకుంటేనే కాయలో సారం దిగేది. రాళ్లు చూసే ఈ చేను ఎంచుకున్నాం. ఈ మట్టేంది?"

"తీయిస్తా బాబూ," అన్నాడు ఐజాక్. "రేపే తీయిస్తా."

విశాల్ ఒక మొదలు దగ్గర తవ్వి చూపించాడు. తెల్లటి పిల్లవేళ్లన్నీ పైకొచ్చి పూడికలో అల్లుకున్నాయి. లోతు వేళ్లు కుళ్లి నల్లబడ్డాయి.

"తీస్తే ఎండకి మాడతాయి, ఉంచితే కుళ్లుతాయి. పీకేయడమే బాబాయ్. ఈ చేనుకి కంపెనీ ఇక తీగ ఇవ్వదు."

అతను వెళ్లిపోయాక ఐజాక్‌కు ఏడుపొచ్చింది.

"నీ కోసమే చేశానే," అన్నాడు.

"మా అన్నలు నవ్వితే నవ్వారులే అనుకున్నా," అంది నిర్మల. "నా నేలంటే నీకు కూడా సిగ్గేనని ఇప్పుడు తెలిసింది."

నిర్మల లేచి, పక్కనున్న తీగను మొదట్లో పట్టుకుని లాగింది. పెద్దగా బలం పెట్టకుండానే అది వేళ్లతో సహా ఊడి ఆమె చేతికొచ్చింది.