పైడమ్మ కట్టిన తాడు

నేను ఒక నైలాను తాడును. ఎక్కడో మిల్లులో మూడు పేటలుగా పేనినప్పుడు అంతా మంచే జరుగుతుందనుకున్నాను. ఆ ధీమా సముద్రం చూసేదాకే. భీమిలిలో పైడమ్మ భర్త నన్ను వలకని కొన్నాడు. రెండేళ్లు వల లాగాను. లాగిన ప్రతిసారీ తెగిపోతానేమోనని హడలిపోయాను. తెగలేదు. అయినా భయం తగ్గలేదు.

తరవాత వాళ్ల కూతురు నూకరత్నం తెరచాప పడవ నడపడం నేర్చుకోవడానికి సూర్యారావు మాస్టారి దగ్గర చేరింది. సన్నటి దోనెలు రెండు, వాటి మధ్య బిగించిన పట్టా, అంతే ఆ పడవ. గాలికి ఒక దోనె కాస్త పైకి లేస్తే చాలు, పైడమ్మ ఒడ్డున కూలబడేది.

"ఒలే, ఈ తాడు నడుముకి కట్టుకుంటేనే ఎల్లు. నేదంటే ఇంటికి నడు."

"మాస్టారు సూత్తే నవ్వుతారే అమ్మా!"

"నవ్వనీ. ఆయన పళ్లేం రాలిపోవు."

లైఫ్ జాకెట్ కింద ఎవరికీ కనపడకుండా నా ఒక కొస పిల్ల నడుముకు, రెండో కొస పడవ వెనక కమ్మీకి. రెండు ముళ్లు వేసి, మనసొప్పక మూడోది కూడా వేసింది.

ఆ మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి విసిరికొట్టింది. తెరచాపను బిగించి పట్టే చాప తాడు వదిలేస్తే పడవ నిలబడేది. రత్నం భయంతో ఇంకా బిగించింది. పడవ బోల్తా కొట్టింది. చాప నీళ్లమీద పరుచుకుంది, పిల్ల దాని కిందికి పోయింది. పక్కకు ఈదింది. నేను వెనక్కి లాగాను. మళ్లీ ఈదింది. మళ్లీ లాగాను. తడిసిన ముడి ఆమె వేళ్లకు ఊడలేదు. తెగిపోవాలని మొదటిసారి కోరుకున్నాను.

మోటారు పడవలో వెంట వస్తున్న సూర్యారావు మాస్టారు దూకి నన్ను కత్తితో కోశాడు.

ఒడ్డుకొచ్చాక ఆయన తిట్టలేదు. "అమ్మా, పిల్లని పడవకి కట్టకూడదు. పడిపోయాక పడవని వదలొద్దని మాత్రం చెప్పాలి" అన్నాడు.

"నానే సంపీసుకుందును గదా బాబూ" అని పైడమ్మ తలబాదుకుంది.

మిగిలిన నన్ను తెరచాప స్తంభం మొదట్లో కట్టారు. ఇప్పుడు పడవ పడితే రత్నం చాప తాడు వదులు చేస్తుంది, పడవ ముక్కును గాలికి ఎదురు తిప్పుతుంది, నన్ను పై దోనె మీదుగా విసురుతుంది. కింది దోనె మీద నిలబడి, నన్ను పట్టుకుని వెనక్కి వాలుతుంది. బక్కపిల్ల, పడవ ఒకంతట లేవదు.

నిన్న ఒడ్డుకు దగ్గరలోనే పడవ పడింది. నన్ను పట్టుకుని వాలుతుండగా ఆమె పట్టు జారి నీళ్లలో పడింది. పైడమ్మ మోకాళ్లలోతు దాకా పరిగెత్తి ఆగిపోయింది.

"మళ్లీ పట్టుకోయే గుంటా! ఇంకా ఎనక్కి వాలే!"

రత్నం మళ్లీ ఎక్కి వాలింది. పడవ లేచింది.

నాకింకా నిలకడ లేదు. గాలి మారితే పేటపేటా వణుకుతాను. ఆమెను పట్టుకోవడానికి నాకు చేతులు లేవు. పడవ పడినప్పుడల్లా నీళ్లలో వేలాడుతూ, ఆమె చెయ్యి నా మీద పడేదాకా చూస్తుంటాను.