రోయ్ వాళ్ళక్కలు

ప్రతి మంగళవారం పొద్దున తొమ్మిదింటికి చర్చి వెనకాల హాల్లో మా మీటింగు. పేరుకి పిల్లల రక్షణ సమన్వయ సమావేశం, నేను దానికి కార్యదర్శిని. నిజానికి నేను చేసేదల్లా నాలుగు సంస్థల వాళ్ళు ఒకే పిల్లని నాలుగుసార్లు లెక్కపెట్టకుండా, ఒకరి దగ్గరున్న పిల్లని ఇంకొకరు ఊరంతా వెతక్కుండా చూసుకోవడం. ఇరవై రెండేళ్ళు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, పెద్దవాళ్ళని గదమాయించి కూర్చోబెట్టడం నాకు కష్టం కాదు. మా ఊరు మిచినాలో అందరూ నన్ను టీచరమ్మ అనే అంటారు. సంస్థల్ని మాత్రం మేం పేర్లతో పిలవం. నీలం చొక్కాలు, నారింజ చొక్కాలు, ఆకుపచ్చ చొక్కాలు, చర్చి వాళ్ళు. చర్చి వాళ్ళకి చొక్కాలు లేవు, గొడుగులున్నాయి.

ఆ మంగళవారం రేకుల మీద వాన దంచుతోంది. ఒకరు చెప్పింది ఇంకొకరికి వినపడ్డంలేదు. నాకు అప్పటికే చిరాగ్గా ఉంది, ఎందుకంటే ఆ రోజు మొదటి విషయం రోయ్.

రోయ్‌కి ఏడేళ్ళు. మార్చిలో వాళ్ళ కొండ మీద బాంబులు పడితే ఊరంతా అడవిలో పడి రెండు దారులుగా చీలిపోయింది. ఆ తొక్కిసలాటలో తల్లి చెయ్యి వదిలిపోయింది. పిల్ల ఎవరి వెనకాలో నడిచి, ఎవరి వెదురుతెప్ప మీదో నది దాటి మా వైపు వచ్చిపడింది. అప్పట్నుంచి చర్చి వాళ్ళ ఇంట్లో ఉంటోంది, కాగితాలు నీలం చొక్కాల దగ్గర ఉన్నాయి. మూడు నెలల్లో సొంతవాళ్ళు తేలకపోతే కింద మైదానంలో మాండలే నగరంలో ఉన్న పెద్ద ఆశ్రమానికి పంపాలని నిబంధన. బండి గురువారం పొద్దున. మాండలే వెళ్ళిన పిల్లలు మళ్ళీ మా కొండలకి రావడం నేను చూడలేదు. ముందు భాష పోతుంది, తర్వాత ఇంటిపేరు పోతుంది, ఆ తర్వాత వెతికేవాళ్ళు కూడా మానేస్తారు.

తల్లినంటూ ఒకావిడ ఉంది. నది అవతల మూడు చెక్‌పోస్టులు దాటాక లాఖ్రా శరణార్థుల క్యాంపులో, నారింజ చొక్కాల దగ్గర. పేరు ఖోన్ నాన్. పిల్లని తెప్ప మీద చూశామని వాళ్ళ ఊరివాళ్ళెవరో చెప్పారట. కానీ ఆవిడ జవాబులు పిల్ల జవాబులతో కలవడంలేదు.

ఆ ప్రశ్నల కాగితం రాసింది నేనే. రెండేళ్ళ క్రితం ఒకావిడ మేనత్తనని చెప్పి ఒక పిల్లని తీసుకెళ్ళింది. ఆవిడ అంతకుముందు వారం ఇంకో సంస్థ దగ్గర పిన్నినని ఇంకో పిల్లని అడిగిందట. ఒకరి మాట ఒకరు అడిగి ఉంటే అప్పుడే తెలిసేది. ఆ పిల్ల సరిహద్దు వైపు వెళ్ళిందన్నంత వరకే మాకు తెలుసు. దాంతో పట్టుబట్టి ఏడు ప్రశ్నలు రాశాను. పిల్లని విడిగా అడగాలి, వచ్చినవాళ్ళని విడిగా అడగాలి, ఏడూ కలిస్తేనే ఇవ్వాలి. ఫోటో ముందుగా చూపించకూడదు. మూడు నెలలు ఒంటరిగా ఉన్న పిల్ల ఎవరి ఫోటో చూపించినా అమ్మే అంటుంది. నాలుగు సంస్థలూ సంతకాలు పెట్టాయి. ఆ కాగితం అంటే నాకు కొంచెం గర్వం కూడా.

"ఐదో ప్రశ్న దగ్గరే ఆగిపోయింది" అంది మారివిక్, నీలం చొక్కాల పెద్ద. ఫిలిప్పీన్స్ మనిషి. నాలుగేళ్ళలో మా భాష నేర్చుకుంది, తిట్లతో సహా. "తోబుట్టువులు ఎంతమంది? పిల్ల ఇద్దరక్కలంది. ఆవిడేమో నాకు ఒక్కతే కూతురంటోంది."

"మూడుసార్లు అడిగానక్కా" అన్నాడు బ్రాంగ్ షోంగ్ నాతో. నారింజ చొక్కాల మనిషి, నలభై దాటాయి, చొక్కా బొత్తాలు పొట్ట దగ్గర పట్టవు. "మూడోసారి చాట విసిరింది నా మీదికి. ఒక్కతే అంటే ఒక్కతే, చెవుడా అంది."

"సొంత పిల్లల్ని ఎవరైనా మర్చిపోతారా?" అన్నాను నేను. "రోయ్ అంటేనే మూడోది. మాలో ఆడపిల్లల్లో మొదటిది కో, రెండోది లు, మూడోది రోయ్. పేరులోనే ఉంది. ఇద్దరక్కలు లేకుండా రోయ్ ఎలా వస్తుంది?"

ఈ మాట నేను మార్చిలోనే చెప్పాను, చాలా గొప్పగా చెప్పాను. పిల్లని అడిగితే, "అక్కలు పంపరపనస చెట్టు కింద ఉన్నారు. వాళ్ళు మాతో రాలేదు" అంది. ఇంకేముంది, ఇద్దరు పిల్లలు ఊళ్ళో చిక్కుకుపోయారని నాలుగు సంస్థల చేతా రెండు ఫైళ్ళు తెరిపించాను. కో ఒకటి, లు ఒకటి. పదకొండు క్యాంపుల్లో వెతికాం. ఆకుపచ్చ చొక్కాలకి కో ఒకసారి దొరికింది కూడా. మా దగ్గర కో లేని ఇల్లు ఉండదు మరి. ఆ అమ్మాయికి పదహారేళ్ళు, పెళ్ళి కుదిరింది, నాకు చెల్లెళ్ళే లేరు మొర్రో అని నెత్తీ నోరూ బాదుకున్నా రెండు రోజులు వదల్లేదు.

"ఇంకోటి కూడా ఉంది" అంది మారివిక్ లాప్‌టాప్‌లో పట్టిక కిందికి జరుపుతూ. "పిల్ల సరిగ్గా తినడంలేదని చర్చి వాళ్ళు రాశారు. ప్రతి పూటా రెండు ముద్దలు ఆకులో వదిలేస్తోందట. ఆకుపచ్చ వాళ్ళు బలం మందు పంపారు."

"మందు తాగుతోంది. ముద్దలు మాత్రం వదిలేస్తోంది" అన్నాడు చర్చి పెద్దాయన గొడుగు దులుపుతూ.

ఖోన్ నాన్ పేరు కొట్టేయడానికి నేను కలం తీశాను. రెండేళ్ళ క్రితంది మళ్ళీ జరగనివ్వనని ఒట్టేసుకున్నదాన్ని. అప్పుడు మారివిక్ నా వైపు తిరిగి, వేళాకోళం కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

"టీచర్, మీ పేరు లు మాయ్ కదా. మరి మీ కో ఎక్కడ? మీ ఇంటికి ఇన్నిసార్లు వచ్చాను, ఎప్పుడూ చూడలేదే."

"చిన్నప్పుడే పోయింది. నేను పుట్టకముందే" అన్నాను.

అనేశాక మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మని ఎవరడిగినా, జనాభా లెక్కల వాళ్ళడిగినా, పెళ్ళిళ్ళలో వియ్యాలవాళ్ళడిగినా, ఆడపిల్ల ఒక్కతే అని చెప్పేది. పోయిన పసిపిల్లల్ని బయటివాళ్ళ ముందు లెక్కలోకి తేరు. ఇంట్లో మాత్రం కో మాతోనే ఉండేది. "కో ఉంటే నీలాగా మొండికేసేది కాదు" అని నేను తిన్న తిట్లకి అంతులేదు. కొత్త బియ్యం వండిన రోజు ఆకులో కట్టిన మొదటి అన్నం పొట్లం దానిదే. ఇన్నేళ్ళూ ఆ లేని అక్కతో పోల్చుకుంటూ పెరిగిన నేను, మూడు నెలలుగా ఇద్దరు పోయిన పిల్లల్ని క్యాంపు క్యాంపుకీ తిరిగి వెతికిస్తున్నాను. పైగా తల్లిని అబద్ధాలకోరు అంటున్నాను. సిగ్గేసి, తీసిన కలానికి మూత పెట్టేశాను.

"ఏమైందక్కా?" అన్నాడు బ్రాంగ్ షోంగ్.

"రేపు నీ బండిలో లాఖ్రా వస్తున్నా" అన్నాను. "మారివిక్, గురువారం బండిని కాసేపు ఆపించు."

"రేపు సాయంత్రంలోపు నలుగురి ఒప్పుకోలూ కావాలి, టీచర్. లేకపోతే నేను ఆపలేను. ఆ నిబంధన మీదే."

"నాదే, తెలుసు."

బుధవారం దారంతా బురద. మూడో చెక్‌పోస్టులో గంటన్నర నిలబెట్టారు. అప్పటికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. బ్రాంగ్ షోంగ్ ఊరుకోడు. "అక్కా, మీరు ఒప్పుకుంటారా లేదా, ఆవిడ చాట నా మీద విసిరింది తప్పు ప్రశ్న అడిగినందుకు. తప్పు ప్రశ్న రాసింది మీరు. ఆ దెబ్బ మీది."

"ఇంటికెళ్ళాక ఒక చాట కొనిస్తా, నువ్వు నా మీదికి విసిరెయ్. ఇప్పుడు బండి చూసుకో" అన్నాను.

ఖోన్ నాన్ గుడారం ముందు కూర్చుని కూరకి వెదురుకొమ్ములు ఒలుస్తోంది. ముప్పై కూడా ఉండవు. బ్రాంగ్ షోంగ్‌ని చూడగానే మొహం మాడ్చుకుంది.

"మళ్ళీ వచ్చావా? ఇంకెన్నిసార్లు చెప్పించుకుంటావు?"

"ఈసారి రోయ్ ఉన్న ఊరి నుంచి టీచరమ్మ వచ్చింది" అన్నాడు.

నేను కాగితం బయటికి తియ్యలేదు. పక్కన పీట లాక్కుని కూర్చుని నేనూ ఒక కొమ్ము అందుకున్నాను. మాలో కొత్తవాళ్ళు కలిస్తే ముందు ఇంటిపేరు అడుగుతారు, అదే అడిగాను. లహ్తా అంది. మా అమ్మ పుట్టింటివాళ్ళు. వరసకి నాకు పిన్ని అవుతుంది, నాకంటే పాతికేళ్ళు చిన్నదైనా.

"నీ పేరేంటమ్మా?" అంది, వరస తేలగానే కొంచెం మెత్తబడి.

"లు మాయ్, పిన్నీ. మా కో నేను పుట్టకముందే పోయింది. పేగులు మెలిపడ్డాయట. మా అమ్మ చచ్చేదాకా ఆ సంగతి బయట ఎవరికీ చెప్పలేదు."

ఆవిడ చేతులు ఆగిపోయాయి. బ్రాంగ్ షోంగ్ ఆ మాత్రం తెలివి ఉన్నవాడే, బండి టైరు చూసొస్తానని వెళ్ళిపోయాడు.

"కో పన్నెండు రోజులే ఉంది" అంది. "లుకి రెండేళ్ళు. జ్వరం. వర్షాలకి దారి తెగిపోయి ఆస్పత్రికి తీసుకెళ్ళలేకపోయాం."

"ఎక్కడ పెట్టారు?"

"ఇంటి వెనకాలే. పంపరపనస చెట్టు కింద. రోయ్ ఆడుకునేది అక్కడే. దానికి అన్నీ చెప్పాను. చెప్పకపోతే దాని పేరు దానికెలా అర్థమవుతుంది?" కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "ఆయనొచ్చి ఎంతమంది పిల్లలు అన్నాడు. చేతిలో కాగితం, వెనకాల ఇంతమంది జనం. ఏం చెప్పను టీచరమ్మా? వాళ్ళ నాన్న పచ్చరాళ్ళ గనిలో పోయాడు. వాళ్ళిద్దరూ అలా పోయారు. ఉన్నది ఒక్కతే. ఒక్కతే అనే కదా చెప్పాను."

చెట్టు కలిసింది, అక్కలు కలిశారు. అయినా నాలోని కార్యదర్శి ఊరుకోలేదు. ఊరివాళ్ళెవరికైనా ఆ చెట్టు సంగతి తెలిసి ఉండొచ్చు కదా అనుకుంటూ ఇంకేం అడగాలా అని చూస్తున్నాను. అడగాల్సిన పని లేకపోయింది.

"ఇంకా రెండు ముద్దలు తీస్తోందా అది?" అంది ఖోన్ నాన్.

"ఏమిటి పిన్నీ?"

"తినేముందు అక్కలకని రెండు ముద్దలు పక్కన పెడుతుంది. నేను నేర్పింది కాదు, దానంతటదే మొదలుపెట్టింది. నవ్వుతారు, బయట చెయ్యకే అంటే వినదు. మీరు దాన్ని చూశారు కదా. ఇంకా తీస్తోందా?"

తీస్తోందన్నట్టు తల ఊపాను. బలం మందు సంగతి ఆవిడకి చెప్పలేదు.

క్యాంపులో ఫోను అందదు. వెనక గుట్ట ఎక్కితే ఒక మూల కొంచెం అందుతుంది. బ్రాంగ్ షోంగ్ ఆ పొట్టతో గుట్టెక్కి నాలుగు సంస్థలకీ ఒక్కొక్కళ్ళకీ ఫోను చేసి సంగతి చెప్పి ఒప్పించాడు. ఆకుపచ్చ వాళ్ళు ఒకసారి కాదు రెండుసార్లు చెప్పమన్నారట. దిగొచ్చి రొప్పుతూ, "నలుగురూ సరేనన్నారు. మారివిక్ ఏడుస్తోందక్కా ఫోన్లో, నన్ను తిడుతూ ఏడుస్తోంది" అన్నాడు. ఖోన్ నాన్ ఒలిచిన కొమ్ములన్నీ పక్కింటావిడకి ఇచ్చేసి, బట్టల మూట కట్టుకుని, అడక్కుండానే బండెక్కి కూర్చుంది.

చెక్‌పోస్టుల్లో చీకటి పడితే కదలనివ్వరని ఆ రాత్రి దారిలో ఒక చర్చిలో ఉండిపోయి, గురువారం ఎనిమిదింటికి మిచినా చేరాం. మాండలే బండి ఇంజను ఆపి చర్చి వాళ్ళ ఇంటి గేటు బయట నిలబడి ఉంది. మారివిక్ కాగితాలన్నీ గొడుగు కింద పట్టుకుని వాకిట్లో ఉంది.

రోయ్ లోపల్నుంచి కొత్త చెప్పులతో వచ్చింది, ప్రయాణానికి కొన్నవి. తల్లిని చూసింది. పరిగెత్తుకు వస్తుందనుకున్నాం అందరం. రాలేదు. అక్కడే నిలబడి, "ఇంత ఆలస్యమా?" అంది.

"దారి దూరమే తల్లీ" అంది ఖోన్ నాన్.

ఆ తర్వాత ఎవరు ఎవరి దగ్గరికి వెళ్ళారో నేను సరిగ్గా చూడలేదు. చర్చి పెద్దాయన గొడుగు నాకు అడ్డంగా పెట్టాడు. కావాలనే పెట్టాడనుకుంటాను, నా మొహం అలా ఉంది. మాండలే బండి డ్రైవరు దిగొచ్చి అరటిపండ్ల గెల ఒకటి పిల్ల కాళ్ళ దగ్గర పెట్టి ఖాళీ బండితో వెళ్ళిపోయాడు.

సంతకాలు అయ్యాక మారివిక్ చివరి రెండు కాగితాలు నా ముందు పెట్టింది. కో, లు. "ఇవి మూసెయ్యాలి టీచర్. కారణం అన్నచోట ఏం రాయను? పొరపాటున తెరిచినవి అనా?"

"అదేంటది?" అంది ఖోన్ నాన్. ఆవిడకి చదువు రాదు. ఒళ్ళో పిల్ల అరటిపండు ఒలుస్తోంది.

దాచకుండా చెప్పాను. నా తొందరపాటు వల్ల నాలుగు సంస్థలూ మూడు నెలలుగా వాళ్ళ కోసం వెతికాయని, పదకొండు క్యాంపులు తిరిగామని, గుడారం గుడారానికీ వెళ్ళి కో ఉందా, లు ఉందా అని అడిగామని. క్షమించమని కూడా అన్నాను. కోప్పడుతుందనుకున్నాను, చాట లేకపోయినా.

"పదకొండు క్యాంపులా?" అంది.

"అవును పిన్నీ."

"నా కో కోసం? లు కోసం?"

"అవును."

ఆవిడ నవ్వింది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుని, తల అడ్డంగా ఊపుతూ నవ్వింది. "వాళ్ళు పుట్టారని ఏ కాగితంలోనూ లేదు టీచరమ్మా. పోయారనీ లేదు. ఏదీ, ఎక్కడుంది కో?"

కో పేరు మీద ఆవిడ వేలు పట్టుకుని పెట్టాను. పక్క కాగితంలో లు మీద పెట్టాను. రోయ్ పండు నములుతూ వంగి చూసింది. తర్వాత పండులోంచి రెండు ముక్కలు తుంచి, ఒక్కో కాగితం మీద ఒక్కో ముక్క పెట్టింది. ఈసారి ఎవరూ ఏమీ రాసుకోలేదు.

"ఇవి నేను తీసుకెళ్ళొచ్చా?" అంది ఖోన్ నాన్.

ఫైల్లో కాగితాలు బయటివాళ్ళకి ఇవ్వకూడదని నిబంధన రాసింది కూడా నేనే. మారివిక్ నా వైపు చూసింది. నేను అరటిపండు తడి కొంగుతో తుడిచి, రెండూ మడతపెట్టి, ఆవిడ మూటలో పెట్టాను.