ఫోన్ మీద నా చెయ్యి

ఇరవై రెండేళ్ల నర్సు ఉద్యోగంలో నేను ఎక్కువసార్లు రాసిన వాక్యం ఒక్కటే: "డాక్టరుగారికి తెలియజేశాను." పక్కన టైము, కింద సంతకం. ఆ ముక్క రాసేస్తే ఇక మన నెత్తిమీదికి ఏదీ రాదు. కొత్తగా చేరిన పిల్లలకు నేను మొట్టమొదట నేర్పేది అదే.

మూడు వారాల కింద మా ఆసుపత్రిలో కొత్త పద్ధతి వచ్చింది. చార్టులో రోగి నాడి, ఊపిరి అంకెలు ఎర్రగీత దాటితే ఏ నర్సయినా, ఎవరినీ అడగకుండా, గోడమీది ఫోన్ తీసి అత్యవసర బృందాన్ని పిలవొచ్చు. మా వార్డుకు ఆ పాఠం చెప్పింది నేనే. చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఆ రోజు పొద్దున ఆరో మంచం టైలరు నోరు మెదపలేదు. కడుపు ఆపరేషనై రెండు రోజులు. రోజూ నన్ను చూడగానే, "సిస్టరూ, మీ కోటు భుజం ఎవరు కుట్టారో గానీ ఆ చేతికి దండం పెట్టాలి" అని ఆటపట్టించే మనిషి. పోనీలే, ఇవాళ ప్రాణం హాయిగా ఉంది అనుకున్నాను.

చేరి నాలుగు నెలలైన పొట్టి సిస్టరు పరుగెత్తుకొచ్చింది.

"అక్కా, ఆయన నిమిషానికి ముప్పైసార్లు ఊపిరి తీస్తున్నాడు. ఎర్రగీత దాటింది. ఫోన్ చేస్తాను."

"ఆగు. ముందు డాక్టరుగారికి చెప్పు."

"ఆయన ఆపరేషన్‌లో ఉన్నారక్కా. కబురు పెట్టాను."

"బయటికొచ్చాక చూస్తారులే. ఆయన్ని కాదని మనం పిలిస్తే రేపు ఆయన మొహం ఎలా చూస్తాం? రాసిపెట్టు."

రాసింది. పది నిమిషాలాగి మళ్లీ ఫోన్ దగ్గరికి వెళ్లింది. నేనూ వెళ్లి రిసీవరు మీద చెయ్యి పెట్టాను. అవును, పెట్టాను. "పెద్దదాన్ని చెబుతుంటే నీకు వినబడదా?" అన్నాను. అంతటితో ఊరుకోక, చెయ్యి తీయకుండా అక్కడే నిలబడి మందుల జాబితా చూసుకున్నాను.

మరో పది నిమిషాలకు టైలరు పెదవులు నీలంగా మారాయి. ఆ పిల్ల నా చేతిని విసిరికొట్టి ఫోన్ తీసింది. రెండు నిమిషాల్లో నలుగురొచ్చారు. ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ అన్నారు. మంచంతో సహా ఐసీయూకి తోసుకుపోయారు.

డాక్టరు మాస్కు మెడకు వేలాడేసుకుని వచ్చాడు. పొట్టి సిస్టరు పని అయిపోయిందనుకుని నేనే ముందుకెళ్లాను. "కొత్త పిల్లండీ, తొందరపడింది."

"తొందరా?" ఆయన చార్టు నా ముందు పెట్టాడు. "ఆపరేషన్‌లో ఉంటే నేను పలకలేనమ్మా! అందుకే కదా ఈ పద్ధతి కావాలని కమిటీలో పోట్లాడాను. ఇరవై నిమిషాలు ఏం చేశారు?"

చార్టు చూశాను. పదీ అయిదు దగ్గర ఆ పిల్ల గుండ్రటి అక్షరాలు: "సీనియర్ సిస్టరుకు తెలియజేశాను." పదీ పదిహేను దగ్గర మళ్లీ అదే. పక్కన టైము, కింద సంతకం. అచ్చం నేను నేర్పినట్టే.

ఆ వాక్యంలో అవతలి మనిషి నేనే అవుతానని ఇన్నేళ్లలో ఒక్కనాడూ తట్టలేదు.

సాయంత్రం టైలరు కళ్లు తెరిచాడు. ఆయన భార్య వచ్చి నా కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ చెయ్యే తల్లీ మా ఆయన్ని బతికించింది."

చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఇది కాదమ్మా. ఇది ఫోన్ చేయనివ్వని చెయ్యి."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి, పొద్దుటి నుంచీ జరిగిందంతా చెప్పాను.