అంపశయ్య మీది ఆకాశం

...ఎరుపు కాదు, కాషాయమూ కాదు, యుద్ధం ఆగిన సాయంత్రం పడిపోయినవాళ్ల మీద పరుచుకునే ఆ వెలుగుకి అసలు పేరంటూ ఉందా అని జాన్ బాషా తనలో తను తర్కించుకుంటున్నాడు. ప్రత్తిపాడులో సత్రం గోడ మీద అంపశయ్య వేస్తున్నాడు. బాణాల మీద తాత కుదిరాడు. తలలు వంచుకున్న మనవలు కుదిరారు. ఆకాశమే కుదరలేదు. ఎన్నిసార్లు వేసినా ఎరువుల కొట్టు బోర్డులాగే వస్తోంది.

ఊళ్లోకి ఫ్లెక్సీలు వచ్చాక అతన్ని బోర్డులు రాయమనేవాళ్లు లేరు. ఈ గోడ ఒక్కటైనా మిషను వెయ్యలేనిదిగా, తన చెయ్యే వేసినదిగా మిగలాలని అతని పంతం. అందుకే, ఎదురుగా ఉన్న కల్లంలో మిరపకాయలు ఎత్తేదాకా ఆగమని సత్రం పెద్ద యలమందయ్య చెప్పినా వినలేదు. ఆకాశమంతా మళ్లీ పూసి, అలవాటుకొద్దీ అడుగున పేరు రాసేసి, టీ తాగడానికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి కల్లంలో కాయలు బస్తాలకెత్తి తొక్కుతున్నారు. గాలి ఇటు మళ్లింది. ఎర్రటి దుమ్ము గింజలతో సహా వచ్చి తడి గోడకు అతుక్కుపోయింది.

యలమందయ్య తుమ్ముకుంటూ వచ్చాడు. "ఏరా బాషా, చెప్పానా లేదా? పెద్దాయనకి బాణాలు చాలవని కారం కూడా కొట్టించావు."

బాషా గుడ్డని టర్పెంటైన్‌లో ముంచాడు. తల ఎత్తాడు. చెయ్యి ఆగిపోయింది.

వాలుపొద్దు గోడ మీద ఏటవాలుగా పడుతోంది. ఒక్కో గింజకీ ఒక నీడ. వేల గుర్రాలు తొక్కిన నేల పైకి లేచి, మళ్లీ దిగడానికి జంకి, తాత మీద నిలబడిపోయినట్టుంది. కింద రంగు పూసింది నేనే కదా, అని మనసు కాసేపు బేరమాడింది. తర్వాత అదీ నోరు మూసుకుంది. కళ్లు మండి నీళ్లు కారుతున్నా రెప్ప వెయ్యబుద్ధి కాలేదు.

కాయలేరే వెంకటరావమ్మ ముక్కుకి కట్టుకున్న గుడ్డ విప్పి గోడనే చూస్తోంది.

"తుడవమాకయ్యా," అంది మెల్లగా. "ఆయన పడ్డ పొద్దు ఇదే."

యలమందయ్య మళ్లీ తుమ్మబోయి, ఆపుకున్నాడు.

బాషా గొంతుక్కూర్చున్నాడు. గోడ అడుగున ఇంకా ఆరని తన పేరుని గుడ్డతో తుడిచేశాడు.